కౌజు గుడ్ల పొదిగింపు: వరంగల్ ఇళ్లలో

కౌజు పిట్ట గుడ్లను ఇంట్లోనే చిన్న ఇంక్యుబేటర్‌లో పెట్టి పిల్లలను తీయడం కోళ్ల పెంపకంలో ఒక చిన్న శాఖ. ఇక్కడ కౌజు అంటే జొన్న చేలల్లో తిరిగే అడవి పిట్ట కాదు, జపాన్ కౌజు. దీని శాస్త్రీయ నామం కోటర్నిక్స్ జపోనికా. మార్కెట్లో కంజు పిట్ట, క్వెయిల్ అనే పేర్లతో అమ్మేదీ ఇదే. గుడ్డు 9 నుంచి 12 గ్రాములు తూగుతుంది. పొదగడానికి 17 లేదా 18 రోజులు పడుతుంది, అంటే కోడిగుడ్డు కన్నా మూడు నాలుగు రోజులు తక్కువ. పిల్ల ఆరేడు వారాలకే గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. చోటు తక్కువ, కాలం తక్కువ, తిండి తక్కువ కాబట్టి మిద్దె మీద పంజరం పెట్టుకునే పట్టణవాసికి కూడా ఇది అందుబాటులో ఉండే పని.

ఈ పిట్టకు ఇంక్యుబేటర్ ఎందుకు అవసరమన్నది మొదట తెలుసుకోవాలి. నాటుకోడి పొదుగుకొస్తుంది, గంపలో గడ్డి వేసి గుడ్లు పెడితే ఇరవై ఒక్క రోజులు లేవదు. పెంపకపు కౌజుకు ఆ గుణం దాదాపు పోయింది. తరతరాలుగా ఎక్కువ గుడ్లు పెట్టే పక్షులనే ఏరి పెంచడంతో గుడ్డు పెట్టడమే గానీ దాని మీద కూర్చోవడం మరిచింది. పెట్టిన చోటే వదిలి వెళ్లిపోతుంది. కాబట్టి ఆ పని మనిషో, మరో కోడో చేయాలి. పొదుగుకొచ్చిన చిన్న నాటుకోడి కింద ఇరవై దాకా కౌజు గుడ్లు పెట్టవచ్చు, చాలాసార్లు పిల్లలూ వస్తాయి. కానీ గుడ్డు పెంకు బాగా పలచన, కోడి బరువుకు కొన్ని పగులుతాయి. పుట్టిన పిల్ల బొటనవేలంత ఉంటుంది, కోడి కాలి కింద పడితే బతకదు. ఇక మిగిలింది పెట్టె. దాని వేడి, తేమ అంకెలు ప్రపంచమంతా ఒకటే, కానీ ఆ అంకెల దగ్గర పెట్టెను నిలపడం ఊరిని బట్టి, నెలను బట్టి మారుతుంది. వరంగల్ వాతావరణంలో వేడి పుట్టించడం సులువు, తగ్గించడమే కష్టం. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

పక్షి వచ్చిన దారి

జపాన్‌లో ఈ పిట్టను మొదట దాని కూత కోసం పెంచారు. గుడ్లకూ మాంసానికీ పెంచడం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఊపందుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పెంపకపు మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, మిగిలిన కొద్ది పక్షుల నుంచి మళ్లీ పెంచుకొచ్చారు. భారతదేశానికి 1974లో కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు వచ్చింది. అక్కడి కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ ఆ తర్వాత క్యారీ ఉత్తమ్, క్యారీ ఉజ్వల్, క్యారీ శ్వేత, క్యారీ పెర్ల్ వంటి రకాలను రూపొందించింది. వీటిలో గుడ్ల రకాలు, మాంసం రకాలు వేరు. పిల్లలను తీసే పద్ధతిలో మాత్రం తేడా లేదు.

ప్రయోగశాలల్లోనూ ఈ పిట్టకు పెద్ద పేరుంది. ఫ్రాన్స్‌లో నికోల్ లె దువారిన్ 1969 నుంచి కౌజు కణాలను కోడి పిండంలో అమర్చి, ఏ కణం ఎక్కడికి చేరుతుందో గుర్తించారు. రెండు పక్షుల కణాలూ సూక్ష్మదర్శినిలో వేరుగా కనిపిస్తాయి కాబట్టి అది సాధ్యమైంది. 1990 మార్చిలో సోవియట్ అంతరిక్ష కేంద్రం మీర్‌లో కౌజు గుడ్లు పగిలి పిల్లలు వచ్చాయి. వేడి, తేమ, గాలి అన్నీ పెట్టె ఇచ్చింది. బరువు తెలియని చోట కాలు నిలవక ఆ పిల్లలు తిండి తినలేకపోయాయి.

ఇక ఇంటి పెంపకానికి వస్తే, వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు పట్టణాల వాళ్లకూ సలహా దొరికే చోటు మామునూరు. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద అక్కడ పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయం కేంద్ర స్థానం హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్. వనరాజా, గ్రామప్రియ కోళ్లను రూపొందించిన కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ ఉన్నదీ రాజేంద్రనగర్‌లోనే.

గుడ్లు

పొదిగించే గుడ్డు తినే గుడ్డు కాదు. సూపర్ మార్కెట్‌లో అట్టపెట్టెల్లో దొరికేవి మగపక్షి లేని పంజరాల నుంచి రావచ్చు, ఫ్రిజ్‌లో రోజుల తరబడి ఉండి రావచ్చు. వాటితో మొదలుపెడితే పెట్టె మంచిదో చెడ్డదో కూడా తేలదు. రెండు మూడు ఆడపిట్టలకు ఒక మగపిట్ట చొప్పున కలిపి పెంచే వారి దగ్గర, పది వారాలు దాటిన వయసు పక్షుల గుడ్లు కొనడం మేలు. తల్లిపక్షుల దాణాలో విటమిన్లు తక్కువైతే ఆ లోటు పిండంలో బయటపడుతుంది. దాన్ని ఏ పెట్టె కూడా సరిచేయలేదు.

కోడి పొద్దున గుడ్డు పెడితే కౌజు సాయంత్రం పెడుతుంది. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు గంటల మధ్య ఎక్కువ గుడ్లు వస్తాయి, కొన్ని చీకటి పడ్డాక వస్తాయి. కాబట్టి ఏరుకోవడం సాయంత్రం పని. ఎండాకాలంలో తెల్లవారే దాకా పంజరంలో వదిలిన గుడ్డు అప్పటికే సగం పాడైనట్టే. కారణం ఏమిటంటే, పిండం ఎదగడానికి పొదిగే వేడి మొత్తం అక్కర్లేదు. గది 25, 27 డిగ్రీలు దాటితే చాలు, నెమ్మదిగా కదలిక మొదలవుతుంది. మొదలై ఆగి, ఆగి మొదలైన పిండం పెట్టెలోకి చేరేసరికే నీరసిస్తుంది. వరంగల్‌లో మార్చి నుంచి జూన్ దాకా మామూలు గది ఏదీ గుడ్ల నిల్వకు పనికిరాదు. నిల్వకు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం, 70 శాతానికి పైన తేమ కావాలి. ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీల దగ్గర ఉంటుంది, అది మరీ చల్లన. పల్లెల్లో కోడిగుడ్లకు వాడే ఏర్పాటు ఇక్కడా పనికొస్తుంది: వెడల్పు తొట్టిలో తడి ఇసుక పోసి, అందులో మట్టికుండ కూర్చోబెట్టి, కుండలో గుడ్డ పరిచి గుడ్లు పెట్టి, పైన తడి గోనె కప్పడం. 18 డిగ్రీలకు దిగకపోయినా గది కన్నా ఎంతో నయం. మొద్దు కొన పైకి ఉండాలి. ఏడు రోజులు దాటిన గుడ్డు మీద ఆశ తగ్గించుకోవాలి.

పగుళ్లున్నవి, మరీ చిన్నవి, మరీ పొడవైనవి పక్కన పెట్టాలి. రెట్ట అంటినవి తీసేయాలి గానీ కడగకూడదు. కడిగితే పెంకు మీది సన్నని పొర పోయి సూక్ష్మజీవులకు దారి ఏర్పడుతుంది. మచ్చల సంగతి పట్టించుకోనవసరం లేదు. ఒక్కో ఆడపిట్టకు ఒక్కో మచ్చల తీరు ఉంటుంది, అలవాటైతే ఏ గుడ్డు ఏ పిట్టదో చెప్పేయవచ్చు. బస్సులోనో బైకు మీదో కుదుపులతో తెచ్చిన గుడ్లను వెంటనే పెట్టెలో పెట్టక, మొద్దు కొన పైకి నిలిపి అరపూటైనా కదలకుండా ఉంచాలి.

పెట్టె

కొనే ఇంక్యుబేటర్లు రెండు రకాలు. లోపల ఫ్యాన్ ఉండి గాలిని తిప్పేది ఒకటి, ఫ్యాన్ లేనిది రెండోది. చాలామంది మొదట ఇంట్లోనే చేసుకుంటారు. చేపలు గానీ మందులు గానీ వచ్చిన థర్మకోల్ పెట్టె, ఫిలమెంట్ బల్బు, కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల ఫ్యాన్, వేడిని బట్టి బల్బును ఆర్పి వెలిగించే డిజిటల్ థర్మోస్టాట్, నీళ్ల గిన్నె. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, అది వెలుగిస్తుంది గానీ కావలసినంత వేడి ఇవ్వదు. బల్బు థర్మకోల్‌కు తగలకుండా రేకు ముక్క అడ్డం పెట్టడం మరిచిపోతే పొదిగేది గుడ్లు కాదు, అగ్గి. ఒక పెద్ద బల్బు కన్నా రెండు చిన్న బల్బులు పెట్టడం తెలివైన పని. ఒకటి మాడినా రెండోది కొంత కాపాడుతుంది.

ఫ్యాన్ ఉన్న పెట్టెలో 37.5 నుంచి 37.7 డిగ్రీల సెల్సియస్ నిలపాలి, ఫారెన్‌హీట్‌లో 99.5 నుంచి 100. ఫ్యాన్ లేని పెట్టెలో వేడిగాలి పైకి చేరి కింద చల్లగా ఉంటుంది కాబట్టి గుడ్డు పైభాగం ఎత్తులో కొలిచి 38.3 నుంచి 38.9 దాకా పెడతారు. ఈ రెండు అంకెలనూ కలగాపులగం చేసుకోవడం కొత్తవాళ్లలో తరచూ జరిగే పొరపాటు. ఫ్యాన్ ఉన్న పెట్టెలో 38.9 నడిపితే పిల్లలు ముందే వస్తాయి, బొడ్డు మానకుండా, కాళ్లు వంకరగా వస్తాయి, లేదా రానే రావు.

చవక మీటర్లు ఒక డిగ్రీ అటూ ఇటూ అబద్ధం చెబుతాయి. ఒక డిగ్రీ అంటే ఈ పనిలో చాలా ఎక్కువ. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ సరిగ్గా ఈ వేడి దగ్గరే నమ్మకంగా పనిచేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో దాని కొనను, థర్మోస్టాట్ తీగ కొనను పక్కపక్కన ముంచితే తేడా ఎంతో తెలిసిపోతుంది. తేమ మీటర్‌ను ఉప్పుతో పరీక్షించవచ్చు. చిన్న మూతలో ఉప్పు పోసి, కరగకుండా ముద్దయ్యేంత నీరు చిలకరించి, మీటర్‌తో పాటు గాలి చొరబడని డబ్బాలో ఓ పూట ఉంచితే లోపలి తేమ 75 శాతానికి చేరుతుంది. మీటర్ 68 చూపితే అది ఏడు తక్కువ చెబుతోందని లెక్క. గుడ్లు లేకుండా పెట్టెను ఒక రోజు పూర్తిగా నడిపి, రాత్రి పగలు అంకెలు చూసి, ఆ తర్వాతే గుడ్లు పెట్టాలి.

వరంగల్ కాలాలు

థర్మోస్టాట్ వేడి చేయగలదు, ఆపగలదు, చల్లబరచలేదు. మే నెలలో వరంగల్‌లో పగటి వేడి తరచూ 42 డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇంట్లో, మిద్దె మీది గదిలో మధ్యాహ్నం గాలే 40కి చేరితే, బల్బు ఆరిపోయినా పెట్టె లోపల 37.5 ఉండదు. థర్మకోల్ బయటి వేడిని ఆలస్యంగా రానిస్తుంది, వచ్చిన వేడిని ఆలస్యంగా పోనిస్తుంది కూడా. పైగా రెండో వారం దాటాక పిండాలు తామే వేడి పుట్టిస్తాయి. చల్లబడిన గుడ్డు తేరుకుంటుంది, ఉడికిన గుడ్డు తేరుకోదు. 40 డిగ్రీల పైన కొన్ని గంటలు గడిస్తే మొత్తం పెట్టెడు గుడ్లూ పోవచ్చు. అందుకే ఈ ప్రాంతంలో మొదటి ప్రయత్నానికి తగిన కాలం బతుకమ్మ, దసరా వెళ్లాక మొదలై ఫిబ్రవరి చివరి దాకా ఉంటుంది. రోహిణి కార్తెలో గుడ్లు పెట్టినవారు పక్షుల గురించి కన్నా ఎండ గురించే ఎక్కువ నేర్చుకుంటారు.

ఎండాకాలం తప్పదనుకుంటే కింది అంతస్తులో, నడిమి గదిలో, పడమటి గోడకు దూరంగా పెట్టెను నేల మీద ఉంచాలి. కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడకో గోనెసంచో కట్టాలి. కూలర్ గాలి నేరుగా పెట్టె మీదికి రానీయకూడదు, గది చల్లబడితే చాలు. ఆ గదిని మిట్టమధ్యాహ్నం 33, 34 డిగ్రీల లోపు ఉంచలేకపోతే ఆ నెల వదిలేయడమే మంచిది.

చలికాలంలో సమస్య చిన్నది. డిసెంబర్, జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగినా మంచి పెట్టె తట్టుకుంటుంది. ఒక్క జాగ్రత్త, కోడిగుడ్డు 50, 55 గ్రాములుంటే ఇది పదే గ్రాములు, మూత తెరిచిన కొద్ది నిమిషాల్లోనే చల్లారిపోతుంది. గుడ్లు తిప్పేటప్పుడు మాటలు పెట్టుకోకూడదు.

కరెంటు పోవడం కొత్తవాళ్లను ఎక్కువగా భయపెడుతుంది, అంత భయం అక్కర్లేదు. పొదిగే కోడి రోజూ మేతకు లేచి వెళ్తుంది, గుడ్లు చల్లారి మళ్లీ వేడెక్కుతాయి. గంట, రెండు గంటల కోత వల్ల పిల్లలు కొంచెం ఆలస్యం కావచ్చు గానీ చావవు. పెట్టెను తెరవక, పైన దుప్పటి కప్పి, గాలి రంధ్రాలు మాత్రం మూయకుండా వదిలేయాలి. ఇంటి ఇన్వర్టర్‌కు ఆ చిన్న బల్బు భారం కాదు.

తేమ

మొదటి రెండు వారాలు 50 నుంచి 60 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 75 శాతం తేమ అన్నది సాధారణ నియమం. గుడ్డు పెంకు నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటి గుండా నీరు ఆవిరై మొద్దు కొన దగ్గర గాలి గది పెరుగుతుంది. పిల్ల మొదటి ఊపిరి పీల్చేది ఆ గదిలోని గాలినే. తేమ మరీ ఎక్కువైతే గది చిన్నదై పిల్ల నీటిలో మునిగినట్టవుతుంది, తక్కువైతే పొరలు ఎండి పిల్లను పట్టేస్తాయి.

మీటర్ కన్నా తూకం నమ్మదగింది. పెట్టెలో పెట్టే ముందు ఇరవై గుడ్లను వంటింటి తూకం మీద కలిపి తూచి రాసుకోవాలి. పద్నాలుగో రోజుకు బరువులో 10 నుంచి 12 శాతం తగ్గాలి, అంటే 200 గ్రాములు 176, 180 మధ్యకు రావాలి. వారం నాటికి సగం దారిలో ఉందో లేదో చూసుకుని నీళ్ల గిన్నె పెద్దదో చిన్నదో చేయవచ్చు. తేమను నిర్ణయించేది గిన్నె లోతు కాదు, నీటి పైభాగపు వెడల్పు. వానాకాలంలో వరంగల్ గాలిలోనే తడి ఎక్కువ కాబట్టి మొదటి రెండు వారాలు గిన్నె అవసరమే పడకపోవచ్చు. మార్చి, ఏప్రిల్ పొడిగాలికి వెడల్పు పళ్లెం పెట్టినా చాలకపోతే అందులో స్పాంజ్ ముక్క నిలబెట్టాలి.

తిప్పడం, చూడడం

గుడ్డును కదపకపోతే పిండం పైకి తేలి పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. రోజుకు మూడు లేదా ఐదు సార్లు తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే రాత్రంతా ఒకే పక్కన పడుకున్న గుడ్డు మర్నాటి రాత్రి రెండో పక్కన ఉండాలి. పెన్సిల్‌తో ఒక పక్క ఇంటూ గుర్తు, మరో పక్క సున్నా వేసుకుంటే చిక్కుండదు. పెన్ను, స్కెచ్ సిరా వద్దు. పద్నాలుగో రోజు సాయంత్రంతో తిప్పడం ఆపేయాలి.

గుడ్డును వెలుతురుకు పట్టి చూడడం కోడిగుడ్డుతో సులువు, కౌజు గుడ్డుతో కాదు. నల్ల మచ్చల మధ్య రక్తనాళాలు కనిపించాలంటే చీకటి గది, గట్టి ఎల్ఈడీ టార్చి, ఓపిక కావాలి. ఏడో ఎనిమిదో రోజున ఒక్కసారి చూసి, వెలుగు నేరుగా దాటిపోయే ఖాళీ గుడ్లను తీసేస్తే సరిపోతుంది. రోజూ తీసి చూసుకునే ఉబలాటం వల్ల పగిలే గుడ్లే ఎక్కువ. వాసన వచ్చే గుడ్డును మాత్రం వెంటనే తీయాలి. మురిగిన గుడ్డు పెట్టెలో పేలితే పక్కవాటికీ చేటు.

చివరి మూడు రోజులు

పద్నాలుగు, పదిహేను రోజుల మధ్య గుడ్లను తట్టలోంచి తీసి పెట్టె అడుగున పడుకోబెట్టాలి. అడుగున గరుకు గుడ్డ గానీ ముడతల అట్ట గానీ ఉండాలి. వార్తాపత్రిక మీద జారి పిల్లల కాళ్లు రెండు పక్కలకూ చాచుకుపోతాయి, ఆ తర్వాత నడక రాదు. నీటి పళ్లెం నింపి, గాలి రంధ్రాలు ఇంకొంచెం తెరిచి, మూత వేయాలి. ఇక తెరవకూడదు.

పిల్ల మొదట లోపలి పొరను చీల్చి గాలి గదిలో ఊపిరి తీస్తుంది, తర్వాత పెంకుకు చిన్న చిల్లు పెడుతుంది. అక్కడ చాలా గంటలు ఆగుతుంది. ఆ సమయంలో ఊపిరితిత్తులు పనిలో పడతాయి, మిగిలిన పచ్చసొన కడుపులోకి చేరుతుంది, పొరలోని రక్తం వెనక్కి మళ్లుతుంది. బయటి మనిషికి అది పిల్ల ఇరుక్కుపోయినట్టు కనిపిస్తుంది. జాలిపడి పెంకు ఒలిస్తే రక్తం కారి చస్తుంది. ఆ దశ ముగిశాక పిల్ల గుండ్రంగా తిరుగుతూ మొద్దు కొనను మూతలా కోసి తోస్తుంది.

పదిహేడో రోజున ఒక్కసారిగా పిల్లలన్నీ వస్తున్నాయంటే అది యాదృచ్ఛికం కాదు. ఒకదానికొకటి తగిలి ఉన్న కౌజు గుడ్ల లోపలి నుంచి పిండాలు టక్‌టక్‌మని చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడు విని వెనకబడినవి తొందరపడతాయి. 1960లలో మార్గరెట్ విన్స్ ప్రయోగాలతో దీన్ని నిరూపించారు. నేల మీద గూడు కట్టే పక్షికి పిల్లలన్నీ ఒకే పూట లేచి తల్లి వెంట నడవడం ప్రాణావసరం. పెంచేవారికి దీనివల్ల ఒక సూచన దొరుకుతుంది, చివరి రోజుల్లో గుడ్లను విడివిడిగా గాక దగ్గరదగ్గరగా పేర్చాలి.

పుట్టిన పిల్లను పచ్చసొన ఒక రోజు పైగా పోషిస్తుంది కాబట్టి ఆరేదాకా పెట్టెలోనే ఉంచవచ్చు. పందొమ్మిదో రోజుకు రాని గుడ్లను పగలగొట్టి చూడాలి, అసహ్యించుకోకూడదు. ఏమీ లేకపోతే మగపక్షి తప్పు, లేదా నిల్వ తప్పు. రక్తపు వలయం దగ్గర ఆగిపోతే వేడి ఎక్కడో తప్పింది. రెక్కలు వచ్చి చివర్లో చచ్చి ఉంటే తేమ, గాలి, తిప్పడం వీటిలో ఏదో లోపించింది. ముప్పై గుడ్లకు పదిహేను, పదహారు పిల్లలు వస్తే మొదటిసారికి అది మంచి ఫలితమే.

పిల్లల సాకుడు

ఆరు నుంచి తొమ్మిది గ్రాముల పిల్లకు మొదటి వారం 35 నుంచి 37 డిగ్రీల వేడి కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. పిల్లలు బల్బు కింద గుంపుగా పేరుకుంటే చలి, గోడలకు చేరి నోరు తెరిస్తే వేడి ఎక్కువ, చెదిరి తిరుగుతుంటే సరి. నీటి పళ్లెంలో గోళీలో గులకరాళ్లో నింపకపోతే అందులో పడి మునిగి చస్తాయి. తొలి వారపు చావుల్లో ఎక్కువ భాగం వేడి తప్పడం, నీటిలో మునగడం వల్లే.

దాణాలో 24 నుంచి 27 శాతం మాంసకృత్తులుండాలి. ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలకొద్దీ వచ్చే మొక్కజొన్నలో మాంసకృత్తులు తొమ్మిది శాతం దరిదాపుల్లోనే, నూకల్లో ఇంకా తక్కువ. నాటుకోడి పిల్ల పురుగూ పుట్రా ఏరుకుని లోటు పూడ్చుకుంటుంది, పంజరంలోని కౌజుకు ఆ వీలు లేదు. బ్రాయిలర్ ప్రీ స్టార్టర్ దాణాను మిక్సీలో మెత్తగా ఆడించి పెట్టడం దగ్గరి మార్గం. బూజు పట్టిన వరి పొట్టు కింద పరచకూడదు, ఆ బూజే ఊపిరితిత్తుల్లో చేరి పిల్లలను తీస్తుంది.

మూడో వారానికి రొమ్ము ఈకల్లో తేడా కనిపిస్తుంది. మగదానికి ఇటుక రంగు, ఆడదానికి లేత రంగు మీద నల్ల చుక్కలు. తెల్ల రకాల్లో ఈ గుర్తు పనికిరాదు.

అడవి కౌజులు

వరంగల్ చుట్టుపక్కల చేలల్లో కనిపించే వాన కౌజు వంటి పిట్టలు, వాటి గుడ్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 పరిధిలోకి వస్తాయి. గూడు దొరికినా గుడ్లు తెచ్చి పెట్టెలో పెట్టడం నేరం. జపాన్ కౌజు పెంపకం మీద కూడా 2011లో కేంద్ర పర్యావరణ శాఖ ఆంక్షలు పెట్టింది, తర్వాత వాటిని సడలించింది. కొనేటప్పుడు రశీదు తీసుకోవడం ఇప్పటికీ మంచి అలవాటు.

ఒకే పెట్టెలో పుట్టిన అన్నాచెల్లెళ్ల గుడ్లనే మళ్లీ మళ్లీ పొదిగిస్తే కౌజుల్లో సంతానశక్తి కోళ్ల కన్నా వేగంగా పడిపోతుంది. కొద్ది తరాల్లోనే పెట్టె నిండా ఖాళీ గుడ్లు మిగులుతాయి. రెండో విడత మొదలుపెట్టే ముందు మగపిట్టలను మరో పెంపకందారుతో మార్చుకోవాలి, కాళ్లకు రంగు రింగులు వేసి ఏ పిట్ట ఎక్కడిదో రాసి పెట్టుకోవాలి.